రెండు మూటలకు ఒకే చీటీ

2022వ సంవత్సరం, గోదావరికి వరద వచ్చే రోజులు. అమలాపురంలో ఒక పిల్లల ఆస్పత్రి అప్పటికి కొద్ది నెలల ముందే ఒక కెమెరా కొన్నది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల కంటి లోపలి పొరను, అంటే రెటీనాను, ఫొటో తీసే కెమెరా అది. కెమెరా అయితే వచ్చింది గానీ, ఆ ఫొటోలు చూసి సంగతేమిటో చెప్పగల డాక్టరు అమలాపురంలో లేరు. విశాఖపట్నంలో ఉన్నారు. ఇక్కడి కెమెరా కంప్యూటరు నుంచి అక్కడి డాక్టరు గారి తెర మీదికి ఆ ఫొటోలు చేరేలా చూడటం నా పని.

ఎంసీఏ చదివాక రాజమండ్రిలోనే ఉండిపోయి చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ అని చెప్తే "మరి హైదరాబాద్ ఎందుకు వెళ్ళలేదు?" అంటారు. పనికి ఊరేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకరు రాసిన ప్రోగ్రామ్‌కూ ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌కూ మధ్య మాట కలపడం నా వృత్తి. దీన్ని ఇంటిగ్రేషన్ అంటారు. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళ పనికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. కుదిరితే ఆ రెండు ఇళ్ళవాళ్ళ గొప్ప, చెడితే మధ్యలో ఉన్న మనిషి తప్పు.

ఈ కేసులో ఒక ఇల్లు బెంగళూరులో ఉంది. కెమెరాతో పాటు సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ అది. వాళ్ళ ప్రోగ్రామ్ డాట్‌నెట్‌లో రాసింది. రెండో ఇల్లు విశాఖపట్నం ఆస్పత్రి. అక్కడ ఫొటోలు అందుకునే ప్రోగ్రామ్ జావాలో రాసింది. డాట్‌నెట్, జావా అంటే ప్రోగ్రాములు రాసే రెండు వేర్వేరు పద్ధతులు, ఎవరి అలవాట్లు వాళ్ళవి. ఆ రెండూ మాట్లాడుకోవడానికి వేసిన దారి పేరు వెబ్ సర్వీస్. ఒక కంప్యూటరు ఇంటర్నెట్ మీద ఇంకో కంప్యూటరుకు ఫలానా పని చేసిపెట్టమని ఒప్పుకున్న పద్ధతిలో సందేశం పంపడమే వెబ్ సర్వీస్. వట్టి మాటలు పంపడం తేలిక. ఫొటోలు, ఫైళ్ళు ఆ సందేశానికి తగిలించి పంపాల్సి వచ్చినప్పుడే అసలు తగువు మొదలవుతుంది. అలా తగిలించినదాన్ని అటాచ్‌మెంట్ అంటారు.

మన బస్సు పార్సిల్ ఆఫీసును తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. డ్రైవరు చేతికి ఒక కాగితం ఇస్తారు, డిక్కీలో మూటలు పడేస్తారు. ప్రతి మూటకూ ఒక చీటీ కడతారు. ఫలానా చీటీ ఉన్న మూట ఫలానా వాళ్ళదని కాగితంలో ఉంటుంది. మా భాషలో ఆ చీటీ పేరు కంటెంట్ ఐడీ. అవతలి ఊళ్ళో దించుకునేవాళ్ళు రెండు రకాలు. కాగితంలో ఉన్న వరసలోనే మూటలూ ఉంటాయని నమ్మి ఒక్కొక్కటే దించుకుంటూ పోయేవాళ్ళు ఒక రకం. వరసతో పని లేకుండా చీటీ చదివి మూటను వెతికేవాళ్ళు ఇంకో రకం. చీటీలు సరిగా ఉన్నంతకాలం ఎవరి పద్ధతైనా ఒకటే.

మేం దారి వేసిన కొత్తలో కొద్ది రోజులు పరీక్షలు జరిపాం. ఇక్కణ్ణుంచి ఫొటోలు వెళ్ళేవి, అక్కణ్ణుంచి డాక్టరు గారి రిపోర్టు వచ్చేది. అందరూ సంతోషించారు. నెలకోసారి వెళ్ళి అంతా సవ్యంగా ఉందో లేదో చూసి రావడమే నాకు మిగిలిన పని. అలా వెళ్ళిన ఒక రోజు పొద్దున్న, ఫొటోలు తీసే సిస్టర్ మేరీ గారి పక్కన కూర్చుని ఉండగా ఆవిడ ఫోన్ మోగింది. చేసినవారు విశాఖపట్నం డాక్టరు వసుంధర గారు. సిస్టర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

"మేరీ, కవలలు అని రాశావు. ఒకే బిడ్డను రెండుసార్లు పంపావేంటమ్మా?"

"లేదండి డాక్టర్ గారూ. ఇద్దర్నీ తీశానండి. పెద్దదానికి తీశాకే చిన్నదాన్ని పడుకోబెట్టాను."

"నా ముందు రెండు పేజీలూ తెరిచి పక్కపక్కన పెట్టుకున్నాను. కుడికన్ను కుడికన్నే, ఎడమకన్ను ఎడమకన్నే. ఎంత కవలలైనా కంటి వెనక రక్తనాళాల అల్లిక ఒకేలా ఉండదు. ఇది ఒకే బిడ్డ."

మళ్ళీ పంపమన్నారు. సిస్టర్ తన తెర మీద ఇద్దరి ఫొటోలూ నాకు చూపించారు. డాక్టరును కాని నాకే తేడా తెలుస్తోంది. మళ్ళీ పంపాం. పచ్చటి అక్షరాలతో "సక్సెస్" అని వచ్చింది. కాసేపటికి ఫోన్ కూడా వచ్చింది.

"అదే బిడ్డ మళ్ళీ వచ్చింది. చూడమ్మా, ఈ బిడ్డ కళ్ళు బాగున్నాయి. అయితే ఇది పెద్దదో చిన్నదో నేను చెప్పలేను. రెండో బిడ్డను నేనసలు చూడనే లేదు."

ఇందులో ఉన్న ప్రమాదం ఏమిటో చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టి, ఆక్సిజన్ మీద పెరిగిన పిల్లల్లో కొందరికి రెటీనా మీద రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. దాన్ని ఆర్‌ఓపీ అంటారు. ముదిరితే చూపు పోతుంది, మళ్ళీ రాదు. సమయానికి కనిపెట్టి రెండు మూడు రోజుల్లోపల లేజర్ చేస్తే చూపు దక్కుతుంది. పైకి చూస్తే బిడ్డ కళ్ళు చక్కగా, నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాయి. లోపల ఏం జరుగుతోందో ఆ ఫొటోలో తప్ప తెలియదు.

ఆ కవలల తల్లి నాగమణి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్ళది గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామం. ఆ రోజే ఇంటికి పంపిస్తామని ఆస్పత్రివాళ్ళు చెప్పి ఉన్నారు. నాగమణి అత్తగారు సూరమ్మ గారు అప్పటికే మూటా ముల్లే సర్దుకుని, కారు మాట్లాడుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నది పెరుగుతోంది. కాజ్‌వే మీదికి నీళ్ళొస్తే ఆ లంకకు పడవే గతి. ఒకసారి లోపలికి వెళ్ళిపోతే పసిబిడ్డను ఎత్తుకుని మళ్ళీ ఎప్పుడు బయటికి వస్తారో ఎవరూ చెప్పలేరు.

ఆవిడ స్పీకర్‌లో మాట విననే విన్నారు.

"బాగున్నాయన్నారు కదండీ! ఇంకేంటండీ ఆపుతున్నారు?"

"ఒక పాపకు బాగున్నాయన్నారండి. రెండో పాప సంగతి తెలియదు," అన్నాను.

"సిన్నదానికి బాగుంటే పెద్దదానికి బాగోదేంటండీ? అది దీనికంటే బొద్దుగా ఉంది. పాలు కూడా బాగా తాగుద్ది. ఆయ్, సూడండి మీరే."

"బాగున్నది చిన్నదని ఎవరు చెప్పారండి మీకు?"

"మరి పెద్దదంటారా?"

"నాకు తెలియదంటున్నాను. డాక్టరు గారికే తెలియదు."

"ఇంతమంది సదువుకున్నోళ్ళున్నారు, ఇద్దరు పిల్లల్లో ఎవరు ఎవరో తెలీదంటే ఎలాగండీ? మా ఇంట్లో గేదెకు కూడా తెలుద్ది."

డ్యూటీ డాక్టరు గారొచ్చి, పోనీ ఇద్దర్నీ విశాఖపట్నం పంపేద్దామా అని ఒక నిమిషం ఆలోచించి, తనే వద్దన్నారు. చిన్నదానికి ఆక్సిజన్ తీసి ఎక్కువ రోజులు కాలేదు. అంత దూరం దారిలో ఊపిరికి ఇబ్బంది పడితే? అవసరమని తెలిస్తే ఆ ప్రమాదానికి సిద్ధపడవచ్చు, తెలియకుండా ఎలా పంపుతామన్నారు. సిస్టర్ మేరీ వసుంధర గారికి మళ్ళీ ఫోన్ చేసి, తెర మీది బొమ్మను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపనా అని అడిగారు. "తెర మెరుపు చూసి పసిదాని కంటి మీద లేజర్ వేయమంటావా?" అన్నారావిడ. పెన్‌డ్రైవ్‌లో పెడదామంటే ఆ కంప్యూటరుకున్న స్లాట్లన్నీ కంపెనీవాళ్ళు మూసేశారు. ఫొటోలు బయటికి వెళ్ళడానికి నేను వేసిన దారి ఒక్కటే ఉంది.

రెండు వైపులవాళ్ళనూ ఒకే కాల్‌లోకి లాగాను. బెంగళూరులో కార్తీక్, విశాఖపట్నంలో ప్రసాద్. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరూ మర్యాదస్తులే. ఏం లాభం?

"మేడమ్, మా వైపు లాగ్ చూశాను. అన్ని ఫొటోలూ వెళ్ళిపోయాయి. సక్సెస్ వచ్చింది," అన్నాడు కార్తీక్. లాగ్ అంటే ప్రోగ్రామ్ తను చేసిన ప్రతి పనినీ రాసుకునే చిట్టా.

"మా వైపు కూడా సక్సెసేనండి. వచ్చినవన్నీ అందాయి," అన్నాడు ప్రసాద్.

"మీరు పంపారు, మీకు అందాయి. మధ్యలో ఒక ఆడపిల్ల మాయమైంది. నర్సాపురం వైపు ఏమైనా దిగిపోయిందంటారా?"

కార్తీక్ నవ్వాడు. ప్రసాద్ నవ్వలేదు. "మా కోడ్‌లో ఏ ప్రాబ్లమూ లేదండి," అన్నాడు.

"కోడ్ మంచిదేనయ్యా, నేనేమీ అనడం లేదు. ఇందాక మీకొచ్చిన సందేశం వచ్చింది వచ్చినట్టు, విప్పకుండా నాకు పంపించు."

దాన్ని రా మెసేజ్ అంటాం. మూటలు విప్పకముందు బస్సు డిక్కీని ఫొటో తీసినట్టన్నమాట. ఫొటోల తాలూకు భాగమంతా మనిషి చదవలేని చెత్తలా కనబడుతుంది, చీటీలు మాత్రం మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. చీటీలు ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళాను. కుడికన్ను మొదటి ఫొటో, రెండో ఫొటో, ఎడమకన్ను మొదటి ఫొటో, అలా ఒక బిడ్డవి అయిపోయాయి. తర్వాత రెండో బిడ్డవి మొదలయ్యాయి. మళ్ళీ కుడికన్ను మొదటి ఫొటో. చీటీ మాత్రం ఇందాక చూసిందే. అక్షరం తేడా లేదు.

"కార్తీక్, ఈ చీటీ మీద ఏం రాయాలో మీ ప్రోగ్రామ్‌కు ఎవరు చెప్తారు?"

"పేషెంట్ పేరు, ఐపీ నంబరు, కెమెరా పెట్టే ఫైలు పేరు. మూడూ కలిపితే ఎక్కడా రిపీట్ అవ్వదు మేడమ్."

బెంగళూరులో కూర్చుని ఆలోచిస్తే అవ్వదు నిజమే. అమలాపురం వార్డులో ఏమవుతుందో అక్కడ ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ పసిబిడ్డకు పేరుండదు. మామూలుగా ఇరవై ఒకటో రోజున బారసాల చేసి పేరు పెడతారు. బిడ్డ ఆస్పత్రిలో ఉంటే ఆ వేడుక ఇంటికి వెళ్ళేదాకా ఆగుతుంది. అందుకని ఆ వార్డులో ఉన్నవాళ్ళంతా బేబీ ఆఫ్ నాగమణి, బేబీ ఆఫ్ దుర్గ, బేబీ ఆఫ్ రూతమ్మ. ఐపీ నంబరు, అంటే ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు, అదీ తల్లిదే. బిల్లు తల్లి పేరు మీదే నడుస్తుంది కాబట్టి బిడ్డకు వేరే నంబరు ఇవ్వరు. ఇక కెమెరా ప్రతి బిడ్డ ఫొటోలకూ ఒకే వరస పేర్లు పెడుతుంది. పెద్దదా చిన్నదా అన్నది ఇంకో గడిలో ఉంటుంది. ఆ గడి చీటీలోకి రాదు. పైగా ఒక ఐపీ నంబరు కింద ఉన్నవన్నీ ఒకే సందేశంలో వెళ్ళేట్టు కెమెరా సాఫ్ట్‌వేర్ రాశారు. అంటే ఒకే కాన్పులో పుట్టిన ఇద్దరు ఒకే డిక్కీలో, ఒకే చీటీతో ప్రయాణం చేశారు.

విశాఖపట్నంలో జావా ప్రోగ్రామ్ చీటీ చదివి, ఒక్కో చీటీకి ఒక్కో కొక్కెం పెట్టి, మూటను దానికి తగిలించే రకం. మొదటి మూటను కొక్కేనికి తగిలించింది. అదే చీటీతో రెండో మూట రాగానే మొదటిదాన్ని తీసేసి దీన్ని తగిలించింది. ఎవరినీ అడగలేదు, తప్పు అని అరవనూ లేదు. తర్వాత కాగితం చూసుకుంటూ పెద్దదాని పేజీకి ఒకసారి, చిన్నదాని పేజీకి ఒకసారి అదే కొక్కెం దగ్గరికి వెళ్ళింది. కార్తీక్ వాళ్ళు తమ డాట్‌నెట్ ప్రోగ్రామ్‌తో పరీక్షించుకున్నప్పుడు మూటలను వరసలో దించుకున్నారు కాబట్టి వాళ్ళకు ఇది ఎప్పుడూ కనబడలేదు.

"స్టాండర్డ్ ప్రకారం కంటెంట్ ఐడీ దేనికది వేరుగా ఉండాలండి. తప్పు వాళ్ళదే," అన్నాడు ప్రసాద్, మొదటిసారి హుషారుగా.

"ఒకేలా ఉన్నవి వస్తే మీరు రిజెక్ట్ చేయాలి కదా బ్రో. సక్సెస్ అని ఎందుకిచ్చారు?" అన్నాడు కార్తీక్.

"మీ ఇద్దరి పంచాయితీ రేపు నేనే తీరుస్తాను," అన్నాను. "కార్తీక్, ఇది సరిచేయడానికి ఎంతసేపు?"

"కోడ్ మార్చడం చిన్న పనే మేడమ్. టెస్టింగ్, రిలీజ్ అన్నీ అయ్యేసరికి వారం పడుతుంది."

వారం! ఇక్కడ కారు డ్రైవరు గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు.

"పేరు గడిలో పేరు మారిస్తే చీటీ మారుతుందా?"

"మారుతుంది మేడమ్."

ఇంత చిన్న పనికి సిస్టర్ మేరీ గారి మొహం పాలిపోయింది. బిడ్డ కాలికి కట్టిన పట్టీ మీద ఒక పేరు, కంప్యూటరులో ఇంకో పేరు ఉంటే ఆవిడ ఉద్యోగానికే ముప్పు. అది భయపడాల్సిన విషయమే, నేను కాదనలేదు. డ్యూటీ డాక్టరు గారు కేసు షీట్‌లో కారణం రాసి సంతకం పెడతానన్నారు. మరి ఏ పేరు పెట్టాలని సిస్టర్ అడిగేసరికి గుమ్మంలోంచి సూరమ్మ గారు లోపలికే వచ్చేశారు.

"పేరేంటండీ? బారసాల కాకుండా పేరేంటి? పంతులు గారు అక్షరం కూడా సెప్పలేదు. ఒప్పుకోనండీ నేను."

"పేరు కాదండి. కంప్యూటరుకు గుర్తు."

"కంపూటర్‌లో ఎక్కితే అదే ఉండిపోద్దంట కదా. మా మరిది కొడుక్కి ఆధార్‌లో తప్పు పేరు పడి ఇప్పటికీ తిరుగుతున్నాడు."

"ఇందాకటినుంచి మీరు వీళ్ళను ఏమని పిలుస్తున్నారు?"

"పెద్దది, సిన్నది."

"అవి పేర్లేనా?"

"అవి పేర్లేంటండీ, ఇడ్డూరం కాకపోతే!"

"అవే రాసుకుంటాం. మీరు నిజం పేర్లు పెట్టుకున్నాక తీసేస్తాం."

ఆవిడ కోడలి వంక చూశారు. నాగమణి మంచం అంచున కూర్చుని ఉంది. "రాసుకోనీండి అత్తా," అంది మెల్లగా. "ఏ పాపో తెలియాలి కదా."

సిస్టర్ మేరీ ఇద్దరి కాళ్ళ పట్టీలూ పైకి చదివారు. డాక్టరు గారు విని తలూపారు. ఆవిడ తెర మీద ఒకరి పేజీలో పెద్దది అని, ఇంకొకరి పేజీలో చిన్నది అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఫొటోలు పంపారు. ఈసారి "సక్సెస్" వచ్చినా ఎవరూ దాని వంక చూడలేదు. అందరం ఫోన్ వంకే చూస్తున్నాం.

వసుంధర గారి గొంతులో ఇందాకటి విసుగు లేదు.

"ఇప్పుడు ఇద్దరూ కనబడుతున్నారు మేరీ. ఇందాక నేను రెండుసార్లు చూసింది చిన్నదాన్ని. దానికి ఏమీ లేదు, ఇంటికి పంపొచ్చు. పెద్దదాన్ని మాత్రం ఈరోజే నా దగ్గరికి తీసుకురండి. రెండు కళ్ళకూ లేజర్ కావాలి. ఎడమది బాగా ముదిరింది."

బొద్దుగా ఉన్నది, పాలు బాగా తాగేది. సూరమ్మ గారు మూటల్లోంచి పెద్దదాని బట్టలు వేరు చేయడం మొదలుపెట్టారు. గేటు దగ్గరున్న కారే విశాఖపట్నం బయల్దేరింది. పక్కన సిస్టరును ఒకరిని పంపారు. నాగమణి పెద్దదానితో వెళ్ళింది. నాగమణి పిండి ఇచ్చిన పాలతో చిన్నదాన్ని చూసుకుంటూ సూరమ్మ గారు ఆస్పత్రిలోనే ఉండిపోయారు. నేను వెళ్ళేముందు పలకరిస్తే, "ఆపకపోతే ఇద్దర్నీ పట్టుకుపోయేదాన్నండి," అన్నారు.

మర్నాడు పంచాయితీ తీర్చాను. చీటీ మీద పేరూ నంబరూ ఏమీ ఉండకూడదని, ప్రతి ఫొటోకూ మళ్ళీ ఎక్కడా రాని ఒక కొత్త గుర్తును ప్రోగ్రామే పుట్టించాలని కార్తీక్‌ను ఒప్పించాను. ఒకే గుర్తుతో రెండు వస్తే మొత్తం సందేశాన్ని తిరగ్గొట్టాలని ప్రసాద్‌ను ఒప్పించాను. ఇద్దరూ తప్పు అవతలివాళ్ళదేనని ఈమెయిళ్ళలో రాసుకుంటూనే పని చేశారు. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు.

పెద్ద పాపకు కుడికన్ను చూపు బాగా నిలబడింది. ఎడమ కంటికి కళ్ళద్దాలు తప్పవని, ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండాలని వసుంధర గారు చెప్పారట. ఇంకో వారం ఆగి ఉంటే ఆ మాత్రం కూడా చెప్పడానికి ఉండేది కాదని సిస్టర్ మేరీతో అన్నారట.

ఈ కేసు గురించి కుర్రవాళ్ళకు చెప్తే, పాతకాలపు వెబ్ సర్వీస్ కాబట్టి అలా జరిగింది, ఇప్పటి పద్ధతుల్లో జరగదు అంటారు. జరుగుతుంది. ఆ రోజు రెండు వైపుల లాగ్‌లూ నిజమే చెప్పాయి. ఒకటి పంపానంది, ఇంకొకటి అందిందంది. ఎవరిది పంపావు, ఎవరిది అందింది అని వాటిని అడగడం మాలో ఎవరికీ తోచలేదు. రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలని ఒక్క డాక్టరు గారికి తోచింది. ఆవిడ ఆ రోజు తొందరలో ఉండి, ఒక పేజీ చూసి మూసేసి రెండోది తెరిచి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించుకోదలచుకోలేదు.

అప్పటినుంచి నేను ఏ దారి వేసినా, మొదటి పరీక్షకు ఒకే తల్లి బిడ్డలు ఇద్దర్ని, పేర్లు లేకుండా పంపుతాను. సక్సెస్ వచ్చిందని అవతలివాళ్ళు ఫోన్ చేస్తే ఫైలు తెరవమంటాను. తెరిచామంటే, అందులో ఎవరున్నారో నాకు చదివి చెప్పమంటాను. ఈవిడతో వేగలేం బాబూ అని ఫోన్ పెట్టేశాక అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. చదివి చెప్పేదాకా మాత్రం నేను ఫోన్ పెట్టను.